తమ కొండపై మంచు, పరుల కొండపై పొగ

తర్కశాస్త్రం అభ్యసించే విద్యార్థికి గురువు మొట్టమొదట చూపించేది ఒక కొండను. ఆ కొండపై పొగ కనిపిస్తోంది. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుందని వంటయింటిని చూసినవారందరికీ తెలుసు. కనుక ఆ కొండపై నిప్పు ఉంది. ఇంత సరళమైన వాక్యం మీద శతాబ్దాల పాటు పండితులు మేధోమథనం చేశారు. విద్యార్థి ఆ వాక్యాన్ని వల్లించడం పూర్తికాకముందే గురువు ఒక హెచ్చరిక చేస్తాడు: దూరాన తెల్లగా లేచేది నిజంగా పొగేనా, లేక మంచుతెరా అని నిశ్చయించుకోనంతవరకు ఆ అనుమానం ప్రమాణం కాదు. మంచును పొగగా భ్రమించినవాడు లేని నిప్పును చూస్తాడు. పొగను మంచుగా భ్రమించినవాడు ఉన్న నిప్పులో అడుగుపెడతాడు.

ఎన్నికల ఋతువు రాగానే ఈ రెండు భ్రమలూ ఒకే మనిషిలో, ఒకే సాయంకాలం, ఒకే చర్చావేదికపై దర్శనమిస్తాయి. పరుల కొండపై తెల్లని రేఖ కనిపిస్తే అది పొగ. దాని క్రింద దావానలమే ఉంది. తమ కొండపై అదే రేఖ కనిపిస్తే అది మంచు, ప్రకృతి సౌందర్యం. రాజకీయ వ్యాఖ్యాతల ద్వంద్వ ప్రమాణాలకు ఇంతకంటె సూక్ష్మమైన నిర్వచనం అక్కరలేదు. ఇది కేవలం సభ్యతాలోపమైతే ఉపేక్షించవచ్చును. కానీ ఇది ప్రమాణలోపం. వ్యాఖ్యాత మాటను ఆధారం చేసుకొని ఓటు వేసే పౌరుని బుద్ధినీ, ఆ మాటను నిత్యం వింటూ రాగద్వేషాలను పెంచుకొనే సాధకుని చిత్తాన్నీ ఇది సమానంగా దూషితం చేస్తుంది. అందువల్ల ఇది రాజకీయ విషయంగా కనిపించినా తత్త్వజిజ్ఞాసువు విచారించదగినదే.

మూడు కొండలు

మొదటి కొండ ఫిరాయింపు. ఒక గుర్తుపై గెలిచి మరొక పార్టీలో చేరే ప్రజాప్రతినిధిని అనర్హునిగా ప్రకటించేందుకు 1985లో 52వ రాజ్యాంగ సవరణ ద్వారా పదవ షెడ్యూలు వచ్చింది. మూడింట ఒకవంతు మంది చీలిపోతే ఉండిన మినహాయింపును 2003లో 91వ సవరణ తొలగించింది. అయినప్పటికీ 2014, 2019 ఎన్నికల మధ్యకాలంలో ఆంధ్రప్రదేశ్‌లో వైఎస్సార్ కాంగ్రెస్ గుర్తుపై గెలిచిన 23 మంది శాసనసభ్యులు తెలుగుదేశంలోకి వెళ్లారు. వారిలో నలుగురు మంత్రులయ్యారు. 2019 తరువాత గాలి మారింది. తెలుగుదేశం గుర్తుపై గెలిచిన కొందరు వైఎస్సార్ కాంగ్రెస్ పక్షాన కూర్చున్నారు. తెలంగాణలో 2019 జూన్‌లో కాంగ్రెస్‌కు మిగిలిన 18 మంది శాసనసభ్యులలో 12 మంది టీఆర్ఎస్ శాసనసభాపక్షంలో విలీనమయ్యారు. 2023 ఎన్నికల తరువాత బీఆర్ఎస్ గుర్తుపై గెలిచిన పదిమంది కాంగ్రెస్‌లోకి ఫిరాయించారని ఆ పార్టీ న్యాయస్థానానికెక్కింది. అనర్హత పిటిషన్లను మూడు నెలలలో తేల్చవలసిందిగా 2025 జూలై 31న సుప్రీంకోర్టు శాసనసభాపతిని ఆదేశించింది.

ఈ నాలుగు సందర్భాలలోనూ జరిగిన క్రియ ఒక్కటే. దానిని వర్ణించిన పదాలు మాత్రం రెండు జాతులవి. తమకు ఇష్టమైన పార్టీలోకి వచ్చినవాడు అభివృద్ధిని చూసి ఆకర్షితుడైనవాడు, నియోజకవర్గ ప్రయోజనార్థం కఠిన నిర్ణయం తీసుకొన్నవాడు. తమకు ఇష్టమైన పార్టీని వీడినవాడు అమ్ముడుపోయినవాడు, తల్లిపాలు త్రాగి రొమ్ము గుద్దినవాడు. ఆ వ్యక్తియే రెండేళ్లకు తిరిగి వస్తే అతడు సొంతగూటికి చేరిన పక్షి. నిఘంటువు ఒక్కటే అయినా, పుటలు తిప్పే వేలు ఏ పార్టీదో దానిని బట్టి అర్థాలు మారుతూ ఉంటాయి.

రెండవ కొండ సంక్షేమం. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం రెండు రూపాయలకు కిలో బియ్యం పథకాన్ని ఆరంభించిన నాటి నుండి తెలుగునాట ఈ వివాదం ఆరిపోలేదు. 2013లో సుప్రీంకోర్టు తమిళనాడుకు సంబంధించిన వ్యాజ్యంలో మేనిఫెస్టోలోని వాగ్దానాలు చట్టదృష్టిలో అవినీతి ఆచరణ కావని చెబుతూనే, ఉచితాల వాగ్దానం నిష్పాక్షిక ఎన్నికల పునాదిని కదిలిస్తుందని ఆందోళన వ్యక్తం చేసి, మార్గదర్శకాలు రూపొందించమని ఎన్నికల సంఘాన్ని ఆదేశించింది. అంటే ప్రశ్నకు రెండు వైపులా బలమైన వాదం ఉన్నది. బిడ్డను బడికి పంపే తల్లి ఖాతాలో 15,000 రూపాయలు జమచేస్తామని ఒక ప్రభుత్వం 2020 జనవరిలో అమ్మఒడి ఆరంభించింది. 15,000 రూపాయల మొత్తాన్నే ప్రకటించి, తల్లికి కాక ప్రతి బిడ్డకూ లెక్కగట్టి, మరొక ప్రభుత్వం 2025 జూన్‌లో తల్లికి వందనం అమలుచేసింది. ఒక్క బిడ్డకా, ప్రతి బిడ్డకా అన్న తేడా ఉన్నది. దానిపై నిజాయితీగా వాదించవచ్చును. ఖజానా భరించగలదా అనీ వాదించవచ్చును. కానీ మొదటిదానిని రాష్ట్రాన్ని దివాలా తీయించే తాయిలమన్న నోరు రెండవదానిని మానవవనరులపై పెట్టుబడి అన్నప్పుడు, మొదటిదానిని అక్షరయజ్ఞమన్న నోరు రెండవదానిని అప్పుల ఊబి అన్నప్పుడు, అక్కడ అర్థశాస్త్రం లేదు. ఉన్నది జెండా రంగు మాత్రమే.

మూడవ కొండ ఓటింగు యంత్రం. 2019 ఏప్రిల్ 11న ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్ ముగిసిన వెంటనే తెలుగుదేశం అధినేత యంత్రాల పనితీరుపై ఢిల్లీ వెళ్లి ఎన్నికల సంఘానికి ఫిర్యాదు చేశారు. వీవీప్యాట్ చీటీలలో సగం లెక్కించాలని కోరిన పక్షాలలో ఆయనదే ప్రముఖ స్వరం. అంతకు మూడు రోజుల ముందే సుప్రీంకోర్టు ప్రతి నియోజకవర్గంలో ఒకటి కాక ఐదు కేంద్రాల చీటీలను సరిపోల్చమని ఆదేశించి ఉన్నది. మే 23న ఫలితం వచ్చింది: వైఎస్సార్ కాంగ్రెస్‌కు 151, తెలుగుదేశానికి 23. ఐదేళ్లు గడిచాయి. 2024 జూన్ 4న ఫలితం తలక్రిందులైంది: తెలుగుదేశానికి 135, జనసేనకు 21, భాజపాకు 8, వైఎస్సార్ కాంగ్రెస్‌కు 11. ఆ నెలలోనే వైఎస్సార్ కాంగ్రెస్ అధినేత కాగితపు బ్యాలెట్ వైపు వెళ్లాలని పిలుపునిచ్చారు.

ఓడిన నాయకుని సందేహం మానుషమే. దానిని అర్థం చేసుకోవచ్చును. వ్యాఖ్యాతల సంగతి వేరు. 2019లో యంత్రంలో లోపాలను గంటల తరబడి వివరించిన సాంకేతిక జ్ఞానం 2024లో కొందరికి హఠాత్తుగా విస్మృతమైంది. 2019లో "ఆడలేక మద్దెల ఓడు" అని నవ్విన కొందరికి 2024లో మద్దెలలోని పగుళ్లన్నీ స్పష్టంగా కనిపించసాగాయి. యంత్రం స్థిరంగా ఉన్నది. చూసే కన్నులే స్థలాలు మార్చుకొన్నాయి.

న్యాయదర్శనం ఏమంటున్నది

గౌతమ మహర్షి న్యాయసూత్రాలలో పదహారు పదార్థాలను ఉద్దేశించాడు. వాటి జాబితా పరిశీలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ప్రమాణ ప్రమేయాలతో మొదలైన ఆ శ్రేణిలో వాదము, జల్పము, వితండము, హేత్వాభాసము, ఛలము, జాతి, నిగ్రహస్థానము చోటుచేసుకొన్నాయి. నిఃశ్రేయసాన్ని లక్ష్యంగా పెట్టుకొన్న శాస్త్రం ఇన్ని పదార్థాలను కేవలం చర్చ ఎలా చెడిపోతుందో తెలియజేయడానికి ఎందుకు కేటాయించింది? మాట చెడితే జ్ఞానం చెడుతుంది; జ్ఞానం చెడితే మోక్షద్వారమే మూసుకొంటుంది అని ఆ ఋషికి తెలుసు గనుక.

వాదము తత్త్వనిర్ణయం కోసం జరిగేది. గురుశిష్యుల మధ్య, సహాధ్యాయుల మధ్య జరిగేది. అందులో ఓడినవాడు కూడా లాభపడతాడు, ఎందుకంటే అతడు పోగొట్టుకొన్నది ఒక అజ్ఞానాన్ని. జల్పము గెలుపు కోసం. అందులో ఛలజాతులనే కపటసాధనాలు కూడా ప్రయోగిస్తారు. వితండములో తనదంటూ స్థాపించే పక్షమే ఉండదు. ఎదుటివాని పక్షాన్ని ఖండించడమే సర్వస్వం. ఎన్నికల సాయంకాలపు చర్చలలో వాదమున్నది ఎంత, మిగిలిన రెండూ ఎంత అని కొలవడానికి శ్రోతకు పెద్ద పాండిత్యం అక్కరలేదు.

శాస్త్రం జల్పవితండాలను పూర్తిగా నిషేధించలేదనీ గమనించాలి. మొలకలను పశువుల నుండి కాపాడే ముళ్లకంచె వంటివి అవి, తత్త్వనిశ్చయాన్ని దుర్వాదుల నుండి కాపాడుకోవడానికి పనికివస్తాయి అని సూత్రకారుడే అనుమతించాడు. అయితే కంచె ఉండవలసింది చేను చుట్టూ. లోపల చేనే లేకుండా నేలంతా కంచె పరిచినవాడు ఏమి పండిస్తాడు? సత్యాన్ని కాపాడడానికి ఉద్దేశించిన నేర్పు సత్యాన్నే నమిలినప్పుడు "కంచే చేను మేసింది" అనే తెలుగువారి సామెతకు అంతకంటె చక్కని భాష్యం దొరకదు.

ఇక ద్వంద్వ ప్రమాణం ఏ దోషం? నైయాయికుని దృష్టిలో అది సవ్యభిచార హేతువు, అంటే ఒకచోట నిలబడి మరొకచోట జారిపోయే కారణం. "ఇతడు పార్టీ మారాడు, కనుక ప్రజాద్రోహి" అన్నప్పుడు పార్టీ మారడం హేతువు, ప్రజాద్రోహం సాధ్యం. హేతువున్న ప్రతిచోటా సాధ్యం ఉండి తీరాలి. దానిని వ్యాప్తి అంటారు. వ్యాఖ్యాత ఇష్టపడే పక్షంలో కూడా పార్టీ మారినవాడు ఉండి, అతడు ద్రోహి కాదని వ్యాఖ్యాత నమ్మితే, ఆ వ్యాప్తిని అతడే భగ్నం చేసినట్లు. ఇక అతనికి రెండే మార్గాలు. తనవాడిని కూడా ద్రోహి అనాలి. లేదా ఎదుటివానిపై మోపిన నిందను వాపసు తీసుకోవాలి. మూడవ మార్గం లేదు.

మూడవ మార్గం కోసం వెతికేవాని పాట్లు కూడా గౌతముడు ముందుగానే లెక్కించి పెట్టాడు. నిగ్రహస్థానాలు, అంటే వాది ఓడిపోయినట్లు నిర్ణయించే సందర్భాలు, ఇరవైరెండు. వాటిలో ఒకటి హేత్వంతరము: చెప్పిన కారణం నిలవకపోయేసరికి దానికి కొత్త విశేషణాన్ని తగిలించడం. "పార్టీ మారడం తప్పే, కానీ అభివృద్ధి కోసం మారితే తప్పుకాదు." ఈ సవరణ మొదట్లోనే చెప్పి ఉంటే అది వాదం, పట్టుబడిన తరువాత చెబితే ఓటమి. మరొకటి ప్రతిజ్ఞాంతరము: అసలు ప్రతిజ్ఞనే మార్చివేయడం. అన్నింటికంటె నేటి కాలానికి సరిపడేది మతానుజ్ఞ. తన పక్షంలోని దోషాన్ని తొలగించకుండా, ఎదుటి పక్షంలోనూ అదే దోషం ఉన్నదని ఎత్తిచూపడం మతానుజ్ఞ. సంప్రదాయంలో దానికి ఒక ఉదాహరణ చెబుతారు. "నీవు పురుషుడవు కనుక దొంగవు" అని ఒకడు అన్నాడట. ఆ హేతువు ఎంత అసంబద్ధమో చూపవలసిన రెండవవాడు "అయితే నీవూ పురుషుడవే, నీవూ దొంగవే" అన్నాడట. ఆ మాటతో అతడు తన దొంగతనాన్ని అంగీకరించినట్లే అయింది.

"మీరు చేయలేదా?", "అప్పుడెక్కడికి పోయారు?" అనే రెండు ప్రశ్నలు తొలగిస్తే ఎన్నికల చర్చలలో ఎన్ని నిమిషాలు మిగులుతాయి? ప్రేక్షకులు వాటికి చప్పట్లు కొడతారు. గౌతముని సభలో అయితే మధ్యస్థుడు ఆ క్షణంలోనే లేచి ఓటమి ప్రకటించి ఉండేవాడు.

ఆప్తుడెవరు

వ్యాఖ్యాత మాట జ్ఞానసాధనం కావాలంటే అతడు ఆప్తుడై ఉండాలి. ఆప్తవాక్యమే శబ్దప్రమాణం. భాష్యకారుడైన వాత్స్యాయనుడు ఆప్తునికి రెండు లక్షణాలు చెప్పాడు: విషయాన్ని ఉన్నదున్నట్లు తెలుసుకొని ఉండటం, తెలుసుకొన్నదానిని తెలుసుకొన్నట్లే తెలియజేయాలనే కోరిక ఉండటం. ఇంకొక మాట చేర్చాడు. ఈ లక్షణం ఋషికీ, ఆర్యునికీ, మ్లేచ్ఛునికీ సమానమే అన్నాడు. ఎంత ఉదారమైన వాక్యమో సాధకుడు ఆలోచించాలి. ఆప్తత్వం కులంలో లేదు, వర్గంలో లేదు, తన భాష మాట్లాడటంలో లేదు, తన దేవుని కొలవడంలో కూడా లేదు. తెలిసినది తెలిసినట్లు చెప్పడంలో ఉన్నది. ఆ ప్రకారం చూస్తే "మనవాడు" అనే కారణంతో ఒక వ్యాఖ్యాతను నమ్మడం శాస్త్రవిరుద్ధం. "పరవాడు" అనే కారణంతో నమ్మకపోవడమూ శాస్త్రవిరుద్ధమే.

మొదటి లక్షణం, అనగా జ్ఞానం, తప్పిపోవచ్చును. 2024 జూన్ 1న చివరి దశ పోలింగ్ ముగియగానే వెలువడిన ఎగ్జిట్ పోల్స్‌లో అధికభాగం కేంద్రంలోని పాలక కూటమికి 350కి అటూ ఇటూగా స్థానాలు చూపాయి. మూడు రోజుల తరువాత లెక్క 293 వద్ద ఆగింది. గణన తప్పడం అధర్మం కాదు. ఆ తప్పును బాహాటంగా అంగీకరించినవాడు రెండవ లక్షణాన్ని నిలబెట్టుకొన్నాడు కనుక రేపటి అతని మాటకు విలువ ఉన్నది. నిన్నటి అంచనాను తలవకుండా నేటి ఫలితం అనివార్యమే అయినట్లు కారణాలు వివరించినవాడు రెండు లక్షణాలనూ పోగొట్టుకొన్నాడు.

రెండవ లక్షణానికి అత్యంత కఠినపరీక్ష దేవాలయ ద్వారం వద్ద జరుగుతుంది. ప్రచారకాలంలో నాయకులు ఆలయాలకు వెళతారు. ప్రదక్షిణలు చేస్తారు, నుదుట తిలకం ధరిస్తారు. తమ నాయకుడు వెళితే అది భక్తి, పరనాయకుడు వెళితే అది నటన. మతం పేరిట ఓట్లడగడం అవినీతి ఆచరణమని ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ చెబుతున్నది. ఆ నిషేధం అభ్యర్థి మతానికే కాక ఓటరు మతానికీ వర్తిస్తుందని 2017 జనవరి 2న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 4-3 తేడాతో తీర్పుచెప్పింది. చట్టం పరిశీలించగలిగింది బహిరంగ వాక్యాన్నే. హృదయంలోని భావం అంతర్యామికి మాత్రమే గోచరం. చేతులు జోడించి నిలబడిన ఒక మనిషిలో భక్తి ఉన్నదా లేదా అని స్టూడియోలో కూర్చొని నిర్ణయించే వ్యాఖ్యాత తనకు తెలియకుండానే ఈశ్వరుని ఆసనాన్ని ఆక్రమిస్తున్నాడు. అట్టి నిర్ణయాలకు భక్తులే ముందుగా తలలూపడం మరింత శోచనీయం.

పక్షం వేరు, పక్షపాతం వేరు

ఇక్కడ ఒక న్యాయమైన ఆక్షేపణ ఉదయిస్తుంది. ధర్మాధర్మాల మధ్య యుద్ధం జరుగుతున్నప్పుడు ఉభయులనూ సమానంగా తూచడమే అధర్మం కాదా? శ్రీకృష్ణుడు ఒక పక్షాన నిలబడలేదా? కర్ణుని రథచక్రం నేలలో కూరుకొన్నప్పుడు, అతడు యుద్ధధర్మం గుర్తుచేస్తే, లక్కయింటినీ, ద్రౌపదీ పరాభవాన్నీ, అభిమన్యుని ఒంటరివధనూ ఎత్తిచూపి "అప్పుడు నీ ధర్మం ఎక్కడికి పోయింది" అని కృష్ణుడు అడుగలేదా? అది కూడా మతానుజ్ఞయేనా?

ఆక్షేపణ బలమైనదే కనుక సమాధానం జాగ్రత్తగా చూడాలి. పక్షమంటే విచారణానంతరం చేరుకొన్న నిర్ణయం. పక్షపాతమంటే విచారణకు పూర్వమే త్రాసును ఒకవైపు వంచడం. కృష్ణునికి పక్షమున్నది. ధర్మాన్ని జీవితమంతా ఒక కొలతతో, ఆపదలో మరొక కొలతతో కొలిచినవాడు కర్ణుడు. కృష్ణుడు అతనికి చూపించినది ఆ రెండు కొలతలనే. ఆ ప్రశ్నలు విన్న కర్ణుడు బదులు చెప్పలేక సిగ్గుతో తలవంచుకొన్నాడని భారతం చెబుతున్నది. నిందను మళ్లించడానికి వేసిన ప్రశ్న అయితే ఎదుటివాడు మరింత గట్టిగా అరుస్తాడు. ఆత్మకు తగిలిన ప్రశ్న అయితే మౌనం వహిస్తాడు.

అంతటితో వ్యాసభగవానుడు పాండవపక్షానికి మినహాయింపు ఇచ్చి ఊరుకోలేదు. తొడలు విరిగి పడిన దుర్యోధనుడు కృష్ణుని ముఖం మీదనే భీష్మ, ద్రోణ, కర్ణుల వధలలోని కపటాలను ఒక్కొక్కటిగా ఏకరువు పెట్టాడు. ఆ మాటల చివర ఆకాశం నుండి పుష్పవృష్టి కురిసిందనీ, పాండవులు సిగ్గుపడ్డారనీ వ్రాశాడు. అశ్వత్థామను గూర్చి ధర్మరాజు అర్ధసత్యం పలికిన క్షణంలో, అంతవరకు నేలకు నాలుగంగుళాలు ఎత్తున నడిచిన అతని రథం నేలను తాకిందని వ్రాశాడు. చివరకు స్వర్గారోహణంలో అతనికి నరకదర్శనం తప్పలేదని కూడా వ్రాశాడు. ధృతరాష్ట్రుడూ పాండురాజూ ఇద్దరూ వ్యాసుని పుత్రులే. నూర్గురూ ఐదుగురూ ఆయన మనుమలే. ఆయనకున్నంత బంధుత్వం ఏ వ్యాఖ్యాతకు ఏ పార్టీతో ఉన్నది? ధర్మం పాండవుల వైపున్నదని ఆయన నిర్ణయం. అయినా పాండవుల తప్పును తప్పనే కొలతతోనే కొలిచాడు. అందువల్లనే ఆ నిర్ణయం ఇన్ని వేల సంవత్సరాలు నమ్మకంగా నిలిచింది.

దీనికి విరుద్ధమైన దోషం కూడా లేకపోలేదు. తటస్థుడనిపించుకోవాలనే కోరికతో కొండంత దోషాన్నీ గోరంత దోషాన్నీ ఒకే వాక్యంలో కలిపి "అందరూ అంతే" అనేవాడు కూడా త్రాసును వంచినవాడే. "అందరూ అంతే" అన్న మాటతో ఎక్కువగా లాభపడేది ఎక్కువ తప్పు చేసినవాడే. సమదృష్టి అంటే సమాన ఫలితం కాదు, సమాన ప్రమాణం.

ప్రహ్లాదుని తీర్పు

సమాన ప్రమాణం ఎంత వెలకు దొరుకుతుందో విదురుడు ఒక సభలో చెప్పాడు. ద్రౌపది నిండుసభలో ప్రశ్న అడిగింది. పెద్దలు నోరు విప్పలేదు. ధృతరాష్ట్రపుత్రులలో ఒకడైన వికర్ణుడు లేచి తన అన్నలు చేస్తున్నది అన్యాయమన్నాడు. కర్ణుడు అతనిని బాలుడవని కసిరి కూర్చోబెట్టాడు. అప్పుడు విదురుడు ఒక పూర్వకథ చెప్పాడు. ప్రహ్లాదుని కుమారుడు విరోచనునికీ, అంగిరసుని కుమారుడు సుధన్వునికీ ఒక కన్య విషయమై ఎవరు శ్రేష్ఠులనే వివాదం పుట్టింది. ప్రాణాలు పణంగా పెట్టి, తీర్పు చెప్పమని ప్రహ్లాదుని వద్దకే వచ్చారు. ఒకవైపు కన్నకొడుకు ప్రాణం. తెలిసి అబద్ధమాడిన న్యాయనిర్ణేతకు ఏ గతి కలుగుతుందని ప్రహ్లాదుడు కశ్యపుని అడిగి తెలుసుకొన్నాడు. తరువాత కుమారుని వైపు తిరిగి, సుధన్వుడు నీకంటె శ్రేష్ఠుడు, అతని తండ్రి నాకంటె శ్రేష్ఠుడు, అతని తల్లి నీ తల్లికంటె శ్రేష్ఠురాలు అన్నాడు. పుత్రస్నేహాన్ని విడిచి ధర్మం పలికినందుకు సంతోషించి సుధన్వుడు విరోచనుని ప్రాణాలతో విడిచిపెట్టాడు.

కొడుకు ప్రాణం పోతుందని తెలిసీ తండ్రి త్రాసు వంచలేదు. ఒక వ్యాఖ్యాతకు పోయేదేమిటి? కొందరు వీక్షకులు, ఒక ప్రకటనదారు, ఒక నాయకుని పరిచయం, బహుశా ఒక పదవి ఆశ. అవి చిన్నవి కావు. ఇల్లు గడవవలసిన మనిషికి జీతం చిన్న విషయం కాదు. కానీ ధృతరాష్ట్రుని కొలువులో జీవించిన సంజయుడు కూడా ఆ రాజు పుత్రుల పరాజయాన్ని ఆ రాజుకే దాపరికం లేకుండా చెప్పాడు. దోషం నీదేనని మాటిమాటికీ గుర్తుచేశాడు. కొలువులో ఉండటం పక్షపాతానికి అనివార్య కారణం కాదనడానికి అది చాలును.

వినేవాని వంతు

విదురుని కథలోనే కశ్యపుడు చెప్పిన మరొక లెక్క ఉన్నది. సభలో అధర్మం జరిగి, నిందించదగినదానిని ఎవ్వరూ నిందించకపోతే, ఆ పాపంలో సగం సభాధ్యక్షునికి, పాతిక చేసినవానికి, పాతిక మౌనంగా కూర్చొన్న సభ్యులకు. నేటి సభ్యుడు ఎవరు? రాత్రి తొమ్మిదింటికి ఛానెల్ తిప్పేవాడు. యూట్యూబ్‌లో తన మనసుకు నచ్చిన వ్యాఖ్యాతనే వెతుక్కొనేవాడు. అతని మాటల ముక్కను సత్సంగపు వాట్సాప్ బృందంలోకి పంపేవాడు. ఇతడు మౌనంగా కూడా లేడు. వాటాను తానే అడిగి తీసుకొంటున్నాడు. నిన్నటివరకు కలిసి విష్ణుసహస్రనామం పారాయణ చేసిన ఇద్దరు పోలింగ్ ముగిసేసరికి పలకరించుకోకపోవడం ఎన్ని ఊళ్లలో జరగలేదు? నాయకులు తరువాత కూటములు కడతారు, ఒకే వేదికపై ఆలింగనాలు చేసుకొంటారు. ఆ ఇద్దరు భక్తుల మధ్య మాత్రం మాట తిరిగి కలవదు.

వ్యాఖ్యాత కపటిగా మారడానికి కారణం శ్రోత చేతిలోనే ఉన్నది. తన పక్షపు దోషం చెప్పిన రోజున వీక్షకులు తగ్గుతారని అతనికి అనుభవం నేర్పింది. పొగను మంచు అనమని అడుగుతున్నది శ్రోతయే. పైకి ఇంద్రియాలను నిగ్రహించి లోపల విషయాలను స్మరించేవానిని భగవద్గీత మూడవ అధ్యాయం మిథ్యాచారుడన్నది. ఉదయం సమత్వాన్ని పారాయణ చేసి రాత్రికి పక్షపాతాన్ని ఆస్వాదించేవానికి ఆ పేరు ఎంతవరకు వర్తిస్తుందో అతడే విచారించుకోవాలి.

సాధకుడు చేయగలిగినది స్వల్పమే, కానీ కష్టమైనది. ఒక వ్యాఖ్యానం విని రక్తం పొంగినప్పుడు, అందులోని పార్టీల పేర్లను తారుమారు చేసి అదే వాక్యాన్ని మళ్లీ మనసులో చదువుకోవాలి. అప్పుడూ అంతే కోపం వస్తే అది ధర్మాగ్రహం కావచ్చును. కోపం చల్లారి, సమర్థించే కారణాలు తోచసాగితే, అంతవరకు పొంగినది ధర్మం కాదు, ద్వేషం. నైయాయికుడు వ్యాప్తిని పరీక్షించే పద్ధతి ఇదే. సాధకుడు చిత్తాన్ని పరీక్షించే పద్ధతి కూడా ఇదే. తన పక్షపు దోషాన్ని ఎన్నికలకు ముందు, ఓటమికి ముందు, ఒక్కసారైనా స్పష్టంగా చెప్పిన వ్యాఖ్యాత ఎవరో గుర్తుపెట్టుకోవాలి. అతనితో ఏకీభవించకపోయినా అతని మాట వినదగినది.

ప్రజాప్రాతినిధ్య చట్టం 126వ సెక్షన్ పోలింగ్ ముగింపునకు ముందు 48 గంటల పాటు ప్రచారసభలను ఆపివేస్తుంది. ఓటరు బుద్ధి స్తిమితపడటానికి చట్టం ఇచ్చిన అవకాశమది. ఉద్వేగం కలిగించనిదీ, సత్యమైనదీ, ప్రియమైనదీ, హితమైనదీ అయిన మాటను గీత వాఙ్మయ తపస్సన్నది. ఆ రెండు రోజులైనా భక్తుడు తన ఇంట్లో, తన ఫోనులో మౌనవ్రతం పాటిస్తే చట్టం ఉద్దేశమూ, గీత ఉద్దేశమూ ఒకేసారి నెరవేరుతాయి.

ఓటు ఎవరికి వేయాలన్నది ప్రతి పౌరుని వివేకానికి వదలవలసిన విషయం. ఒక పక్షం నచ్చడం దోషం కాదు. దానికోసం శ్రమించడమూ దోషం కాదు. పరుల కొండపై పొగ చూసినప్పుడు వేసిన ప్రశ్ననే తమ కొండను చూసి కూడా వేయగలగాలి. మంచైతే సూర్యుడు ఎక్కగానే తానే తొలగిపోతుంది. పొగైతే, ఇల్లు కాలకముందే తెలిసినందుకు మేలే జరుగుతుంది.

స్వస్తి.